మొదటి వరస నీళ్ళు

ఆ వీధిలో జ్వరం తొంగిచూడని ఇల్లు ఒక్కటే. వీధి మొత్తానికి మురికి ఇల్లు కూడా అదే.

ఈ సంగతి సీసాలమ్మకి చెప్పింది వాళ్ళక్క. అది కూడా ఆసుపత్రి వరండాలో, పళ్ళు పటపటా కొరుకుతూ.

"మా ఇంట్లో గచ్చు అద్దంలా ఉంటుంది. నా కూతురేమో టైఫాయిడ్‌తో మంచమెక్కింది. ఆ నిద్రమొహం ఇంట్లో బొద్దింకలు పిల్లాపాపలతో కాపురాలు చేస్తున్నాయి. వాళ్ళలో ఒక్కరికి తుమ్మయినా రాలేదు. ఇదెక్కడి న్యాయమే చిట్టీ?"

చిట్టీ అని పిలిచేది అక్క ఒక్కతే. మిగతా అందరికీ ఆమె సీసాలమ్మ. నీటి సరఫరా ఆఫీసు ల్యాబ్‌లో ఉద్యోగం. భుజాన సంచీ, సంచీనిండా సీసాలు. నడుస్తుంటే గలగలమంటూ వస్తుంది కాబట్టి ఆమె రాక వీధి మలుపు తిరక్కముందే తెలిసిపోతుంది. ఊళ్ళో కుళాయిలన్నీ తిరిగి నీళ్ళు పట్టుకెళ్ళి, పరీక్ష చేసి, బాగున్నాయో లేదో తేల్చడం ఆమె పని. అక్క వాళ్ళ వీధి కుళాయి కూడా ఆమె పద్దులోదే. నెలనెలా వస్తుంది, నీళ్ళు పడుతుంది, అక్క ఇచ్చిన టీ తాగుతుంది, వెళ్తుంది. నెలనెలా ఫలితం ఒకటే. నీళ్ళు శుభ్రం.

"నువ్వు బాగున్నాయన్నావని నేను నీళ్ళు కాచడం కూడా మానేశాను" అంది అక్క. గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే మరీ గుచ్చుకుంది.

లోపల వార్డులో బుడ్డి నిద్రపోతోంది. ఎనిమిదేళ్ళ పిల్ల, దిండులో సగమైంది. జ్వరం దిగింది. నాలుగు రోజుల్లో ఇంటికి పంపిస్తామన్నాడు డాక్టరు. దాంతోపాటే ఇంకో మాట కూడా అన్నాడట: పిల్ల పేగులు ఇంకా పచ్చిగా ఉన్నాయి, మళ్ళీ తిరగబెడితే మాత్రం నేనేం చెప్పలేను అని.

"ఏ ఇంటికి తీసుకెళ్ళమంటావ్?" అంది అక్క. "ఈ జబ్బు ఎక్కడినుంచి వచ్చిందో తెలీకుండా దాన్ని మళ్ళీ అదే ఇంట్లో ఎలా పడుకోబెట్టను? తాగేవి కాచి పోస్తాను, సరే. పళ్ళు తోముకునేవి? గిన్నెలు కడిగేవి? చేతులు కడుక్కునేవి? అన్నీ కాచాలంటే ఇంటికి నిప్పు పెట్టుకోవాలి. పైగా వీధివీధంతా నావైపే వేలెత్తి చూపిస్తోంది."

"నీవైపెందుకు?"

"ముందు బిందె నాది కదే."

* * *

ఆ వీధికి ఒకటే కుళాయి. నీళ్ళు వచ్చేది రోజు విడిచి రోజు, తెల్లవారుతుండగా, అదీ కాసేపే. అలాంటి చోట కొట్లాటలు జరగకుండా ఉండాలంటే ఒక కట్టుబాటు కావాలి. ఆ కట్టుబాటుకి కాపలా అక్క.

ఆమె ఇల్లు కుళాయికి ఎదురుగానే. కుళాయిని ఎప్పుడూ తిప్పే ఉంచుతారు. లోపల గాలి కదిలి అది గురగురమని దగ్గగానే అక్క లేస్తుంది. గరిటె తీసుకుని ఖాళీ డబ్బా మీద దడదడ వాయిస్తుంది. వీధి వీధంతా బిందెలతో ఊడిపడుతుంది. అందరినీ లేపినందుకు ముందు బిందె ఆమెది. తర్వాత ఇంటికొక బిందె చొప్పున మొదటి వరస. అవి తాగే నీళ్ళు. ఎవరికైనా తాగడానికి లేకుండా పోకూడదు కాబట్టి మొదటి వరస పూర్తయ్యేదాకా రెండో బిందె ఎవరూ పెట్టరాదు. అది పూర్తయ్యాక రెండో వరస, మూడో వరస. అవి స్నానాలకీ గచ్చులు కడగడానికీ. ఈ పద్ధతి పెట్టింది అక్కే. దాన్ని చూసి పక్క వీధివాళ్ళు కూడా నేర్చుకున్నారు.

"జబ్బు ఆవిడింట్లోనే పుట్టింది, ఆవిడ చెయ్యి తగిలిన కుళాయి నీళ్ళే మనం తాగాం అని పుట్టించారు" అంది అక్క. "ముందుగా అన్నది టైలరమ్మ. వదినా వదినా అంటూ నా చుట్టూ తిరిగిన మనిషి. నిన్న మొహమ్మీదే చెప్పింది, ఇకనుంచి డబ్బా నువ్వు కొట్టొద్దు అని."

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సీసాలమ్మ అటు చూడలేదు. ఆమె బుర్రలో అప్పటికే ఒక పురుగు దూరింది. అందరికీ ఒకే కుళాయి. అందరికీ జ్వరం. ఒక్కరికి లేదు. ఎందుకు లేదు?

"అక్కా, ఆ నిద్రమొహం బాబాయి ఇంట్లో ఉంటాడా ఇప్పుడు?"

"ఎక్కడికి పోతాడు? మంచం వదిలితే కదా!"

* * *

నిద్రమొహం బాబాయి నిజంగానే మంచం మీద ఉన్నాడు. ఉద్యోగం సినిమా హాల్లో. ఆఖరి ఆట అయ్యాక తలుపులు వేసి వస్తాడు. పడుకునేసరికి వీధి లేవబోతుంటుంది. భార్య కూడా అక్కడే టికెట్లు చింపుతుంది. ఇద్దరికీ తెల్లవారడమంటే ఏమిటో తెలియదు.

ఇల్లు అక్క చెప్పినదానికంటే ఘోరంగా ఉంది. నీళ్ళ బిందె గుమ్మం పక్కన నోరు తెరుచుకుని కూర్చుంది. దాని మీద మూత లేదు. లోటా నేలమీద దొర్లుతోంది.

"బాబాయ్, మీరు నీళ్ళు కాచి తాగుతారా?"

"కాచాలంటే లేవాలి కదమ్మా" అన్నాడాయన ఆవలిస్తూ.

"వడకడతారా?"

"దేంతో?"

"బయటినుంచి డబ్బా నీళ్ళేమైనా కొంటారా?"

ఆయన నవ్వాడు. "అమ్మాయ్, మేం ఏ పుణ్యం చేశామని జ్వరం రాలేదో తెలుసుకోడానికొచ్చావు, అంతేగా? నిన్న మీ టైలరమ్మ కూడా వచ్చింది. ఏదో మందు మింగుతున్నాం, ఎవరికీ చెప్పడం లేదని ఆవిడ అనుమానం. సోమరితనానికి మందు ఇంకా కనిపెట్టలేదని చెప్పి పంపించా."

"మరి నీళ్ళు ఎప్పుడు పట్టుకుంటారు?"

"మీ అక్క డబ్బా చప్పుడుకి ఒక కన్ను తెరుస్తా. గొడవంతా సద్దుమణిగాక రెండోది తెరుస్తా. అప్పుడు వెళ్తే కుళాయి నాలాగే నీరసంగా ఉంటుంది. కారినంత పట్టుకొస్తా. మొదటి వరస అని ఏదో ఉంటుందట. నేనెప్పుడూ చూళ్ళేదు."

సీసాలమ్మ ఆయన బిందెలోంచి ఒక సీసా నింపుకుంది.

ఆ సీసాల సంగతి కాస్త చెప్పాలి. అరచేతిలో పట్టే గాజు సీసా. అడుగున మందు పట్టించిన కాగితం ముక్క ఉంటుంది. గీత దాకా నీళ్ళు పోసి మూత బిగించి వెచ్చటి చోట పెడితే మర్నాటికి తేలిపోతుంది. మురుగులో ఉండే సూక్ష్మజీవులు ఆ నీళ్ళలో ఉంటే నల్లబడుతుంది. లేకపోతే అలాగే ఉంటుంది.

అక్కడినుంచి అక్క ఇంటికెళ్ళింది. మూత పెట్టి, గుడ్డ కట్టి, పీట మీద మహారాణిలా కూర్చున్న తాగే నీళ్ళ బిందెలోంచి రెండో సీసా నింపింది. బావ గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాడు. కూతురు ఆసుపత్రిలో ఉన్నప్పటినుంచి ఆయన గడ్డం గీసుకోవడం మానేశాడు గానీ వెటకారం మానలేదు.

"మరదలు పిల్లా, మీ అక్క బిందెని అనుమానిస్తున్నావా? ఈ ఇంట్లో నన్నయినా అనుమానించు, దాన్ని మాత్రం వద్దు. నేను ముట్టుకోవాలంటే చెయ్యి రెండుసార్లు కడుక్కోవాలి."

"పరీక్షకి అందరూ సమానమే బావా."

"అయితే ఇదీ చూడు." బావ పెరట్లోని పెద్ద డ్రమ్ము చూపించాడు. గచ్చు కడగడానికి, కాళ్ళు కడుక్కోవడానికి వాడే నీళ్ళు. అందులో చెంబు ముంచని చెయ్యి లేదు, కాకి ముక్కు పెట్టని రోజు లేదు. "సమానమంటే సమానమే. దీన్నెందుకు చిన్నచూపు చూడాలి?"

సీసాలమ్మ నవ్వుతూనే మూడో సీసా నింపింది. ఒక సీసా ఎలాగూ మిగిలి ఉంది.

* * *

మర్నాడు ల్యాబ్‌లో సీసాలు చూసి ఆమె కుర్చీలో కూలబడింది.

అక్క తాగే నీళ్ళ సీసా కాటుకలా నల్లగా ఉంది. నిద్రమొహం బాబాయి సీసా తేటగా ఉంది. కాళ్ళు కడుక్కునే డ్రమ్ము సీసా కూడా తేటగా ఉంది.

సీసాలు తారుమారయ్యాయేమో అని ఒకటికి నాలుగుసార్లు చూసుకుంది. కాలేదు. అక్క చేతుల్లో ఏదైనా ఉందనుకుందామా? అవే చేతులు డ్రమ్ములోనూ పెట్టింది. బిందెలో ఉందా? బిందె రోజూ తళతళలాడేలా తోముతుంది. కుళాయిలో ఉందా? అదే కుళాయి, అదే రోజు పట్టిన నీళ్ళు. ఒకే ఇంట్లో తాగే నీళ్ళు విషం, గచ్చు కడిగే నీళ్ళు అమృతం.

మరి ఈ రెంటికీ తేడా ఏమిటి?

ఆ ప్రశ్న వెంటబెట్టుకునే సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళింది. బుడ్డి దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. పిన్నిని చూడగానే మొహం విప్పారింది.

"పిన్నీ, నా సీసా తెచ్చావా?"

బుడ్డికి ఖాళీ సీసాలంటే ప్రాణం. సీసాలమ్మ ఒకటి ఇచ్చింది. పిల్ల దాని మూతికి నోరు ఆనించి గాలి పీల్చింది. సీసా పెదవులకి అతుక్కుని వేలాడింది. చేతులు వదిలేసి తల ఊపింది.

"చూశావా? ముద్దు. మా కుళాయి కూడా ఇలాగే పెడుతుంది."

"ఏ కుళాయే?"

"మా వీధిదే. నీళ్ళు ఆగిపోయాక దాని మూతికి కాగితం పెట్టాననుకో, చుప్ మని అతుక్కుంటుంది. వదలదు. ఒకసారి నా రిబ్బను సగం మింగేసింది. అమ్మకి చెప్పకు."

సీసాలమ్మ నవ్వబోయి ఆగిపోయింది.

"రోజూ మింగుతుందా?"

"నీళ్ళొచ్చిన రోజే. ఆగిపోయాక కాసేపు స్స్‌స్స్ అంటుంది. దాహం వేస్తుందేమో పాపం."

పిన్ని చటుక్కున లేచి పిల్ల నుదుటి మీద ముద్దుపెట్టి, సంచీ గలగలలాడించుకుంటూ వార్డు బయటికి పరిగెత్తింది. నర్సు వెనకనుంచి ఏదో అరిచింది. వినిపించుకోలేదు.

* * *

"కుళాయి నీళ్ళు తాగుతుందా?" అన్నాడు ఇంజినీరు గారు.

"పీలుస్తుంది సార్. అది కాగితాన్ని పీలుస్తోందంటే లోపల గొట్టం ఖాళీ అయి దేన్నో లాక్కుంటోందనే కదా? పైన కాగితాన్ని లాగేది కింద ఇంకేం లాగుతోందో?"

ఇంజినీరు గారు పెన్ను కింద పెట్టారు. ఆయన కోపిష్టని ఆఫీసులో పేరు. "ఏమ్మా, ఆ కుళాయి నీళ్ళు బాగున్నాయని నెలనెలా రిపోర్టిచ్చింది నువ్వే కదా?"

"నేనే సార్. నా సీసాలో పడ్డవి నిజంగానే మంచి నీళ్ళు." ఆమె ఊపిరి పీల్చుకుంది. "మన పద్ధతి ఏమిటి? కుళాయి తిప్పి నీళ్ళు బాగా పారనిచ్చి, మూతి తుడిచి, మంటతో కాల్చి, ఆ తర్వాత పట్టాలి. కుళాయి మూతికున్న మురికి సీసాలో పడకూడదని. నేను అంతకంటే మర్యాదస్తురాలిని. ఆడవాళ్ళు తాగే నీళ్ళు పట్టుకుంటుంటే మధ్యలో దూరడం ఎందుకని, మొదటి వరస అయ్యేదాకా అక్క గుమ్మంలో కూర్చుని టీ తాగుతాను. అప్పుడెళ్ళి, ఇంకాస్త పారనిచ్చి, పడతాను. ఈలోగా మొదట వచ్చిన నీళ్ళన్నీ బిందెల్లోకి వెళ్ళిపోతాయి. నా సీసా వాటిని ఏనాడూ చూడలేదు."

ఇంజినీరు గారు లేచి గోడకున్న గొట్టాల పటం దగ్గరికి వెళ్ళారు. వేలు ఒక గీత వెంట నడిచింది, ఒకచోట ఆగింది.

"నీళ్ళు కట్టేశాక కూడా పల్లంలో ఉన్న వీధులవాళ్ళు పట్టుకుంటూనే ఉంటారు" అన్నారు, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. "గొట్టంలో మిగిలినవి అటు జారిపోతాయి. వెనక ఖాళీ. ఖాళీ ఊరుకోదు. ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచి లాక్కుంటుంది. ఇదిగో, మీ అక్క వాళ్ళ వీధి మొదట్లో ఈ గొట్టం మురుగు కాలువ కిందనుంచి పోతుంది. ఇక్కడ గనక అతుకు ఊడి ఉంటే..." పటం మీద వేలితో తట్టారు. "రెండు రోజులు కాలువ నీళ్ళు అందులో నింపాదిగా కూర్చుంటాయి. మళ్ళీ నీళ్ళు వదలగానే ముందుగా తోసుకొచ్చేవి అవే."

"ఆ నీళ్ళనే మా అక్క డబ్బా కొట్టి పంచుతోంది."

"ఇదంతా ఊహేనమ్మా. రోడ్డు తవ్వాలంటే ఊహ చాలదు." కాసేపు మీసం దువ్వుకున్నారు. ఆ కళ్ళలో కోపం లేదు, చిన్నపిల్లాడి ఉబలాటం ఉంది. "నా సర్వీసులో కుళాయి తాగడం ఎప్పుడూ చూళ్ళేదు. రేపు నీళ్ళొచ్చే రోజే కదా? చూపించు, వస్తాను."

* * *

కుళాయి గురగురమంది. డబ్బా మోగలేదు.

బిందెలు మాత్రం వచ్చాయి. అక్క తన గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. కుళాయి దగ్గర టైలరమ్మ తన బిందె పెట్టుకుని నడుం మీద చెయ్యేసుకుంది. ఇంజినీరు గారు మెడకి మఫ్లరు చుట్టుకుని ఓ పక్కన ఉన్నారు. సీసాలమ్మ వరసలోకి దూరి బిందెకీ కుళాయికీ మధ్య కూర్చుంది.

"ఇదేంటమ్మా! తాగే నీళ్ళ దగ్గర నీ సీసాలేంటి? ఎప్పుడూ తర్వాత కదా పట్టేది!"

"ఈసారి ముందు పడతాను వదినగారూ."

"అక్కకి ముందు బిందె పోయిందని చెల్లెలు ముందు సీసా పట్టుకొచ్చింది, చూశారా?" టైలరమ్మ జనం వైపు తిరిగింది. జనం గొణిగారు.

కుళాయి దగ్గింది, ఉమ్మింది, ఎర్రటి నీళ్ళు నాలుగు చుక్కలు రాల్చింది. ఆ చుక్కలే మొదటి సీసాలోకి వెళ్ళాయి.

"అవి తుప్పు నీళ్ళు, వాటినెవరు చూస్తారు?" అంది టైలరమ్మ. "గుడ్డ కట్టి పడితే తేరుకుంటాయి."

"కంటికి తేరుకుంటాయి" అంది సీసాలమ్మ.

తర్వాత టైలరమ్మ బిందె పెట్టింది. అది నిండాక ఒక సీసా. ఇంకో రెండు బిందెలయ్యాక మరొకటి. అలా మొదటి వరస పొడుగునా, రెండో వరస మధ్యలో, మూడో వరస చివర్లో సీసాలు నింపి వరస నంబర్లు అంటించింది. ఎవరైనా ఏమిటని అడిగితే చెప్పింది. వేళాకోళం చేస్తే నవ్వింది. ఆఖరున నిద్రమొహం బాబాయి లుంగీ సర్దుకుంటూ వచ్చి, ఇంతమంది ఇంకా అక్కడే ఉండటం చూసి కంగారుపడ్డాడు. "ఏమైంది? తొందరగా వచ్చేశానా?"

ఆయన బిందె సగం నిండేసరికి ధార సన్నబడింది. తీగలా అయింది. తెగింది.

అందరూ మళ్ళబోతున్నారు.

"ఒక్క నిమిషం" అంది సీసాలమ్మ. సంచీలోంచి కాగితం ముక్క తీసి కుళాయి మూతికి ఆనించి చెయ్యి వదిలేసింది.

కాగితం పడలేదు.

లోపలినుంచి సన్నగా చప్పుడు మొదలైంది. స్స్‌స్స్. పొడుగాటి గుటకలాంటి చప్పుడు. పిల్లలు నవ్వారు. పెద్దవాళ్ళు నవ్వలేదు. ఇంజినీరు గారు మఫ్లరు విప్పుకుంటూ దగ్గరికొచ్చారు.

సీసాలమ్మ కాగితం పీకేసింది. అక్క వైపు తిరిగింది. "అక్కా, ఒక గ్లాసు నీళ్ళు."

అక్క లోపలికెళ్ళి తెచ్చింది. సీసాలమ్మ ఆ గ్లాసుని కిందినుంచి కుళాయికి పట్టింది, కుళాయి మూతి నీళ్ళలో మునిగేలా. జనం చుట్టూ మూగారు.

గ్లాసులో నీళ్ళు తగ్గాయి. ముందు కొంచెం. తర్వాత ఇంకొంచెం. ఆఖరున గుర్రుమని పీల్చి కుళాయి గ్లాసు ఖాళీ చేసేసింది.

"అమ్మో" అంది ఎవరో.

టైలరమ్మ తన బిందెని ఇవతలికి లాక్కుంది. బావ వంగి కుళాయి మూతిలోకి చూశాడు. "ఇన్నాళ్ళూ దీన్ని మనం తాగుతున్నాం అనుకున్నాం. ఇదీ తాగుతోందన్నమాట."

"ఇక్కడ గ్లాసు పెట్టాం కాబట్టి గ్లాసు నీళ్ళు తాగింది" అంది సీసాలమ్మ. "మనం చూడని చోట ఏం తాగుతోందో సీసాలు చెప్తాయి."

"సీసాలు నీ దగ్గరుంటే ఎలా?" టైలరమ్మ ముందుకొచ్చింది. "రేపటికి ఏది ఎలా మారుతుందో ఎవరికి తెలుసు? అక్కాచెల్లెళ్ళు ఒక్కటే."

అక్క మొహం ఎర్రబడింది. సీసాలమ్మ మాత్రం సంతోషంగా తలూపింది. "మీ కొట్లోనే పెడదాం. ఇస్త్రీ బల్ల పై అరలో. సీసాలకి కూడా వెచ్చదనం కావాలి."

* * *

ఆ రోజంతా టైలరమ్మ కొట్టుకి వచ్చినంతమంది ఆవిడ జన్మలో రాలేదు. బొత్తాం ఊడిందనీ, చేతులు పొడుగయ్యాయనీ వంక పెట్టుకుని వచ్చి అర వైపు చూసిపోయారు. ఆవిడ మాత్రం కాపలా కుక్కలా కూర్చుంది. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

మర్నాడు పొద్దున్నే డబ్బా మోగింది. నీళ్ళు రాని రోజు డబ్బా ఏమిటని జనం బయటికొచ్చారు. డబ్బా కొడుతున్నది అక్క కాదు, టైలరమ్మ.

అర మీద సీసాలు వరసగా ఉన్నాయి. మొదటిది నల్లగా, బొగ్గులా ఉంది. రెండోదీ అంతే. ఆ తర్వాతది ముదురు గోధుమ రంగు. దాని తర్వాతది కాస్త పలచన. రెండో వరస మధ్యలో పట్టింది తేట. ఆఖరిది, నిద్రమొహం బాబాయి బిందె ముందు పట్టింది, కడిగిన గాజులా ఉంది. ఎవరూ ఏమీ వివరించక్కర్లేకపోయింది. ఎడమనుంచి కుడికి చూస్తే చాలు.

"అంటే" అన్నాడు బావ మెల్లిగా, "గచ్చు కడగాల్సిన నీళ్ళు మనం తాగాం. తాగాల్సిన నీళ్ళతో గచ్చు కడిగాం."

అక్క మొదటి సీసా వైపు వేలు చూపించింది. "నేనే. డబ్బా కొట్టి, నిద్రలేపి మరీ తాగించాను. ముందు బిందె నాకు కావాలని... నా పిల్లకి..."

టైలరమ్మ సీసాల వైపు చూసింది, అక్క వైపు చూసింది. చేతిలో గరిటె ఏం చెయ్యాలో తెలియక అటూ ఇటూ తిప్పింది. చివరికి దాన్ని అక్క చేతిలో పెట్టింది.

"నువ్వు లేపకపోతే మేం తాగకుండా ఉండేవాళ్ళమా వదినా? కాస్త ఆలస్యంగా తాగి ఉండేవాళ్ళం, అంతే."

"ఆలస్యంగా తాగితే బాగుండేదిగా" అని వెనకనుంచి నిద్రమొహం బాబాయి ఆవలించాడు. చాలా రోజుల తర్వాత ఆ వీధి పగలబడి నవ్వింది. అక్క కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. తర్వాత చెల్లెలి చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు గట్టిగా ఉంది.

"చిట్టీ, సూటిగా చెప్పు. బుడ్డిని తెచ్చుకోవచ్చా?"

"తెచ్చుకో. ఇవాళే ఆ పాత నీళ్ళన్నీ పారబోసి, ఆ బిందె మరిగే నీళ్ళతో కడుగు. ఇకనుంచి తాగేవి రెండో వరస నీళ్ళే. గొట్టం బాగుచేసేదాకా అవి కూడా కాచే పొయ్యాలి. చేతులకీ పళ్ళకీ గిన్నెలకీ రెండో వరసవి చాలు."

"మరి మొదటి వరస?"

"దాంతో వీధి కడగండి."

ఆ మాటకి మాత్రం అందరూ తెల్లబోయారు. మొదటి బిందె కోసం జుట్లు పట్టుకున్న వీధి అది.

* * *

ఇంజినీరు గారు అదే రోజు కాలువ పక్కన రోడ్డు తవ్వించారు. అతుకు దగ్గర చీలిక పిడికిలి దూరేంత ఉంది. చుట్టూ మట్టి నల్లగా, జిగటగా ఉంది. ఆయన గోతి అంచున కూర్చుని చాలాసేపు చూశారు. లేచాక సీసాలమ్మతో ఒకటే మాట అన్నారు. "రోజు విడిచి రోజు నీళ్ళొచ్చే వీధులు మన ఊళ్ళో ఇంకెన్నున్నాయి?"

"దాదాపు అన్నీ సార్."

"వాటన్నిట్లో మనం నీళ్ళు ఎప్పుడు పడుతున్నాం?"

"టీ తాగాక" అంది సీసాలమ్మ.

ఆ రోజునుంచి ల్యాబ్‌లో ప్రతి కుళాయికీ రెండు సీసాలు. ఒకటి పద్ధతి ప్రకారం పట్టేది. ఇంకోటి మొట్టమొదటి చుక్కలది. రెండోదానికి పద్ధతి ఇంకా ఎవరూ రాయలేదు. సీసాలమ్మ మాత్రం పడుతూనే ఉంది. నీళ్ళు చాలని ప్రతిచోటా గొట్టాలు ఖాళీగానే పడుంటాయి. ఎన్ని దేశాల్లో ఎన్ని వీధుల్లో, ఎన్ని కుళాయిలు ఈ క్షణాన ఎవరూ చూడకుండా గుటకలు వేస్తున్నాయో అని ఆలోచన వస్తే ఆమె టీ చల్లారిపోయేది.

అతుకు కొత్తది వేయించారు గానీ, గొట్టంలో మిగిలిన పాత మురుగు కడుక్కుపోయేదాకా మొదటి వరస ఎవరూ తాగొద్దన్నారు ఇంజినీరు గారు. మళ్ళీ నీళ్ళొచ్చిన రోజు డబ్బా యథాప్రకారం మోగింది. వాయించింది అక్కే. బిందెలు వచ్చాయి. కానీ కుళాయి ముందు ఖాళీగా ఉంది.

"ముందు మీరు పట్టుకోండి వదినా."

"అయ్యో, నాదేముంది, ముందు మీరు."

"పెద్దవారు మీరుండగా నేనెలా పెడతాను?"

ఇంత మర్యాద ఆ వీధి ఏనాడూ ఎరగదు. నిద్రమొహం బాబాయి కిటికీలోంచి తల బయటపెట్టి విసుక్కున్నాడు. "ఏమిటమ్మా ఈ గోల? ఇకనుంచి ఆఖరి నీళ్ళకి కూడా మీరే పోటీకొస్తే నేనెప్పుడు లేవాలి?"

అక్క ముందుకొచ్చింది. తన బిందె కుళాయి కింద పెట్టింది. అది నిండింది. నిండిన బిందెని చంకకెత్తుకుని ఇంట్లోకి వెళ్ళబోయి, అలవాటు కాళ్ళని ఆపుకుంది. అందరూ చూస్తున్నారు. నీళ్ళు పారబొయ్యడానికి చెయ్యి రాలేదామెకు. ఒక్క క్షణం బిందెని గుండెకి అదుముకుంది. తర్వాత వీధి మధ్యకి నడిచి ఒంపేసి, చీపురు తీసుకుంది.

ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఆ పూట వీధి అద్దంలా మెరిసింది.

రెండో వరస నీళ్ళు కాచి, చల్లార్చి, గ్లాసులో పోసి అక్క మంచం దగ్గరికి తీసుకెళ్ళింది. ఇంటికొచ్చిన బుడ్డి మంచం మీద కూర్చుని రిబ్బను ముడి వేసుకుంటోంది. గ్లాసు అందుకుని కళ్ళెత్తి తల్లిని చూసింది.

"అమ్మా, నువ్వు తాగావా ఇవి?"

అక్క గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగి మళ్ళీ ఇచ్చింది. బుడ్డి మొత్తం తాగేసింది. గుమ్మంలో నిలబడ్డ సీసాలమ్మ ఆ చిన్న గొంతు కదలడం ఆఖరి గుటక దాకా చూసింది.

బయట నీళ్ళు ఆగిపోయిన చప్పుడైంది. బుడ్డి ఖాళీ గ్లాసు పిన్ని చేతిలో పెట్టి, దిండు కిందినుంచి కాగితం ముక్క తీసింది.

"పిన్నీ, కుళాయి ఇంకా ముద్దు పెడుతుందా?"

"పెడుతుంది. కాకపోతే కొత్త అతుకు వేశారుగా, ఇక అది గాలి తప్ప ఏం తాగదు."

"పాపం" అంది బుడ్డి. ఆలోచించింది. "రిబ్బను పెడదామా?"

"పెట్టావంటే చూడు!" అంది అక్క వంటింట్లోంచి.